నీళ్ళు పోయరాదు

ఎస్నా,
నవంబర్

ఇన్సాఫ్ అత్తయ్యకి,

మీకూ, మీ మోకాళ్ళకీ, మీ బాల్కనీ ఎదురుగా ఉన్న సముద్రానికీ నా సలాములు.

ఈ ఊరికి పోస్టింగ్ వచ్చిందని నేను ఏడుస్తుంటే, "ఎస్నాలో కూడా పిల్లలుంటారే, పిల్లలున్నచోట సైన్సు టీచరుకి పనుంటుంది" అన్నారు మీరు. నిజమే. ఏడో తరగతిలోనే ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారు. పని కూడా వచ్చి పడింది. అది ఎలా చెయ్యాలో నలభై ఏళ్ళు సైన్సు చెప్పిన మీరే చెప్పాలి.

ఏప్రిల్‌లో కెనాలో జిల్లా సైన్స్ ఫెయిర్. మా హెడ్మాస్టరు ఖల్లాఫ్ గారు నన్ను పిలిచి, "తెలివైనవాళ్ళని ముగ్గుర్ని ఎంచుకో అమ్మా. అందులో ఒకడు మా తమ్ముడి కొడుకు హమ్దీ" అన్నారు. అంటే ఇద్దర్ని ఎంచుకోమని. ప్రతి ఏడూ ముగ్గురు వెళ్ళి, మట్టితో అగ్నిపర్వతం కట్టి, అందులో సోడా పొడీ వెనిగరూ పోసి పొంగించి, నేల తుడిచి వస్తారట. మిగతా క్లాసు గేటు దగ్గర నిలబడి చేతులూపుతుందట.

నాకు ఒళ్ళు మండింది. "క్లాసంతా కలిసి ఒకే ప్రయోగం చేస్తే?" అన్నాను.

"క్లాసంతా కలిసి చేసేది అల్లరి ఒక్కటే" అన్నారాయన.

చాలాసేపు బేరమాడాక ఒప్పందం కుదిరింది. ప్రతి పిల్లవాడి చెయ్యీ పడే ప్రయోగం ఒకటి ఎంచుకోవాలి. ఫెయిర్ నాటికి దాని ఫలితం తేలాలి. తేలితే అందరికీ బస్సు. తేలకపోతే ముగ్గురూ, అగ్నిపర్వతమూ. నేను తలూపి క్లాసుకి వెళ్ళి చెప్పేశాను. గోల సద్దుమణిగాక ఆఖరి బెంచీలో కూర్చునే కరీమా లేచింది. హాజరు పిలిచినప్పుడు తప్ప నోరు తెరవని పిల్ల. "అందరం అంటే నేను కూడానా, టీచర్?" అంది. ఇక నేను వెనక్కి తగ్గే దారి లేదు అత్తయ్యా.

ఏ ప్రయోగం చేద్దామో మీరే చెప్పండని వాళ్ళనే అడిగాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఉల్లిపాయ వాసనకి తేళ్ళు పారిపోతాయని వాళ్ళ నానమ్మ చెప్పిందన్నాడు షెహాతా. మర్నాడు టీ డబ్బాలో తేలుని పట్టుకొచ్చాడు. ఉల్లిపాయ మర్చిపోయాడు. క్లాసంతా కలిసి ఇంతవరకు చేసిన పని ఏదైనా ఉందంటే, ఆ రోజు బెంచీలు ఎక్కడమే. నేను టేబులెక్కాను. గాదల్లా వాళ్ళ గాడిదకి కళ్ళకి గంతలు కట్టి ఇల్లు కనుక్కుంటుందో లేదో చూద్దామన్నాడు. హమ్దీ అగ్నిపర్వతం అన్నాడు. ఓట్లు పెడితే ఎవరికి వాళ్ళే ఓటు వేసుకున్నారు.

నన్ను గట్టెక్కించండి.

మీ రావియా


అలెగ్జాండ్రియా,
డిసెంబర్

మేనకోడలికి,

తేలు డబ్బాకి మూత పెట్టారో లేదో రాయలేదు. ముఖ్యమైన సంగతి వదిలేసి ఉత్తరం ముగించడం అచ్చం మీ నాన్న పోలిక.

ముందు ఒకటి బుర్రకెక్కించుకో. అగ్నిపర్వతం ప్రయోగం కాదు, వంట. ఏం కలిపితే ఏమొస్తుందో ముందే తెలుసు. ప్రయోగమంటే తెలియనిదాన్ని అడగడం, అడిగాక నోరు మూసుకుని జవాబు కోసం కూర్చోవడం. ఈ రెండోది మన వంశంలో ఎవరికీ చేతకాదు.

క్లాసు మొత్తానికి ప్రయోగం ఎంచుకునేటప్పుడు ముప్ఫై ఎనిమిది జతల చేతులకీ పని ఉందా లేదా చూడు. ఒకడు చేస్తుంటే మిగతావాళ్ళు చూసేది తమాషా అవుతుంది. ఎవరి ప్రాణానికీ ముప్పు ఉండకూడదు, కాబట్టి తేలు వద్దు. గాడిద కూడా వద్దు, గాడిదలకి సొంత అభిప్రాయాలుంటాయి. కొన్ని వారాలు పట్టేదైతే మరీ మంచిది. పిల్లలకి ఓపిక నేర్పడానికి సైన్సుని మించిన సాకు లేదు.

ఫూల్ గింజలు నాటించు. పొద్దున రొట్టెలోకి ఉడకేసుకునే చిక్కుడు గింజలే. తలా ఒక కుండీ, ఒకే కుమ్మరి దగ్గర కొన్నవి. ఒకే మట్టి, ఒకే కిటికీ. మొలకలొచ్చి నాలుగాకులు వేశాక సగం కుండీలకి కొలిచి నీళ్ళు పోయండి, మిగతా సగానికి ఆపేయండి. దాహాన్ని ఫూల్ మొక్క ఎంతకాలం ఓర్చుకుంటుంది? అదీ ప్రశ్న. ఒక్కటే మార్చాలి, నీళ్ళు. మిగతావన్నీ ఒకేలా ఉండాలి. ఈ ముక్క గోడ మీద రాయించు. నీ నుదుటి మీద కూడా రాసుకో.

ఫెయిర్‌కి రమ్మని అడుగుతావేమో, అడక్కు. నేను బాల్కనీ దాటి ఎక్కడికీ పోవడం లేదు. మోకాళ్ళు.

అత్తయ్య


ఎస్నా,
ఫిబ్రవరి, రంజాన్ రెండో వారం

అత్తయ్యా,

నేను పిచ్చిదాన్నయినా అయ్యుండాలి, లేదా ఫూల్ గింజల గురించి లోకానికి తెలిసింది అబద్ధమైనా అయ్యుండాలి.

మీరు చెప్పినట్టే చేశాం. కుండీలు కొన్నాం, పిల్లలే మట్టి జల్లెడ పట్టారు. నీళ్ళు పోసే వాటికి తెల్ల సున్నం, పోయని వాటికి దిష్టి తగలకుండా నీలిరంగు వేశారు. ప్రతివాళ్ళూ తమ మొక్కకి పేరు పెట్టుకున్నారు. గింజ వేసిన మూడో రోజు నుంచీ మట్టి తవ్వి చూడకుండా షెహాతాని ఆపడానికి ఇద్దర్ని కాపలా పెట్టాల్సొచ్చింది. ఆకులొచ్చాయి. "ఇవాళ్టి నుంచి నీలి కుండీలు నీళ్ళు తాగవు" అని ప్రకటించాను. పిల్లల ముఖాలు చిన్నబోయాయి, అయినా సరేనన్నారు.

తెల్ల కుండీల్లో మొక్కలు సర్కారు జీతగాళ్ళలా ఉన్నవి ఉన్నట్టున్నాయి. నీలివి మాత్రం నిగనిగలాడుతూ బెత్తెడు ఎక్కువే పెరిగాయి. రెండు మొగ్గలు కూడా వేశాయి. పిల్లల్ని అడిగితే, "దేవుడి దయ టీచర్" అంటారు. అనేటప్పుడు నా మొహంలోకి చూడరు.

ఖల్లాఫ్ గారి సంతోషం చెప్పనలవి కాదు. ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమనే రకం ఆయన. ఎస్నా గింజకి నీళ్ళే అక్కర్లేదని జిల్లా విద్యాధికారికి చెప్పేశారు. కనిపించినవాళ్ళకల్లా, "మా బడిలో ఎడారి పచ్చబడింది" అంటున్నారు. బస్సు ఖాయం అన్నారు. కరీమా అప్పుడే కిటికీ సీటు ఎవరికిస్తారని అడిగింది.

నాకు భయంగా ఉంది.

రావియా


అలెగ్జాండ్రియా,
ఫిబ్రవరి

రావియా,

నీళ్ళు లేకుండా మొక్క ఏపుగా పెరిగిందంటే రెండే కారణాలుంటాయి. ఒకటి దేవుడి అద్భుతం. రెండు, మీ బడి ప్యూను. దేవుడి మీద నాకు పూర్తి నమ్మకముంది. అయినా ముందు ప్యూన్‌ని అడుగు.

మొగ్గలు చూసి మురిసిపోయి కూర్చున్నావా? కుండీలో వేలు పెట్టి చూశావా? చూసుంటే రాసేదానివి. వెళ్ళి వేలు పెట్టు.

ఆ విద్యాధికారికి చెప్పిన పెద్దమనిషిని కొన్నాళ్ళు మాట్లాడకుండా ఉండమను. ఉపవాసంలో అదీ ఒక భాగమే.

అత్తయ్య


ఎస్నా,
ఫిబ్రవరి చివర

అత్తయ్యా,

వేలు పెట్టాను. తడి. ఇంకొంచెం లోపలికి పెడితే గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే ఖర్జూరం గింజ. పక్క కుండీలోనూ ఖర్జూరం గింజే. నీలి వరస మొత్తం వెతికాను, గింజ లేని కుండీ లేదు. ఒకదాంట్లో రెండున్నాయి.

ముందు మా ప్యూను నూబీ బాబాయిని పిలిచాను. బజారు దారిలో చలివేంద్రం కుండలు నింపేది కూడా ఆయనే, చనిపోయిన భార్య పేరు మీద.

"పోశానమ్మా" అన్నాడు, ఏ మాత్రం తడుముకోకుండా.

"పోయొద్దని చెప్పాను కదా బాబాయ్!"

"చెప్పావు. నేనూ సరేనన్నాను. కానీ చేతిలో నిండు బిందె పెట్టుకుని, దప్పికతో ఉన్నదాన్ని దాటుకుని ఎలా పోనమ్మా? రేపు పైన నన్ను అడిగితే నీ సైన్సు వచ్చి జవాబు చెప్తుందా?"

"మరి ఖర్జూరాలో?"

"ఖర్జూరాలు నావి కావు. నాకు పళ్ళే లేవు, ఖర్జూరాలెక్కడివి? అది నీ పిల్లల పని. రోజూ పొద్దుగూకే వేళకి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు గేటు కొడతారు, పెన్సిల్ మర్చిపోయామని. ఇన్ని పెన్సిళ్ళు మర్చిపోయే క్లాసుని నేనెప్పుడూ చూళ్ళేదు."

క్లాసుకెళ్ళి ఖర్జూరం గింజలు టేబుల్ మీద కుప్ప పోశాను. అందరూ పెద్దమనుషులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. చివరికి కరీమా లేచింది.

"టీచర్, నీలి కుండీలు నీళ్ళు తాగవు అన్నారు మీరు. రంజాన్‌లో మేమూ తాగం. కానీ సాయంత్రం మసీదులో బాంగు వినిపించాక ఖర్జూరం తిని నీళ్ళు తాగుతాం కదా. వాటికి మాత్రం సాయంత్రం అవ్వదా?"

ఆ తర్వాత ఒక్కొక్కళ్ళే లేచారు. ప్రతివాళ్ళూ పోసేది తామొక్కళ్ళే అనుకున్నారట. తెల్ల కుండీల పిల్లలు కూడా తమవి వదిలేసి నీలివాటికే పోశారు, "మా వాటికి ఎలాగూ మీరు కొలిచి పోస్తారుగా" అని. గాదల్లా సాయంత్రం దాకా కూడా ఆగలేదు. "మేం క్రైస్తవులం కదా టీచర్, నా మొక్కకి రంజాన్ ఎందుకు?" అని మధ్యాహ్నమే పోశాడు. షెహాతా వాళ్ళమ్మ, చనిపోయిన తన తండ్రి ఆత్మశాంతికని ఇంటి నుంచి చెంబుతో తెచ్చి పోసి వెళ్ళిందట.

ఇంత పుణ్యం తట్టుకోలేక నీలి మొక్కలు ఇప్పుడు పసుపుపచ్చగా అవుతున్నాయి. వేళ్ళు కుళ్ళుతున్నాయి. దాహంతో చావాల్సినవి నీళ్ళలో మునిగి చస్తున్నాయి.

ఖల్లాఫ్ గారు తల పట్టుకున్నారు. విద్యాధికారికి ఏం చెప్పాలన్నది ఆయన బాధ. "ఓ పది మొక్కల్ని రొట్టెల పొయ్యిలో కాసేపు పెట్టి తీసెయ్. ఎండిపోయినట్టే ఉంటాయి. ఎవడికి తెలుస్తుంది? బస్సు నేనిప్పిస్తాను" అన్నారు. లేదంటే అగ్నిపర్వతమేనట.

మీ దగ్గర దాచడం ఎందుకు? కుండీ చంకలో పెట్టుకుని పొయ్యి దాకా వెళ్ళాను. కరీమా తన మంచి గౌను ఉతికి ఆరేసుకుందని విన్నాను అత్తయ్యా. ఫెయిర్‌కి ఇంకా నెల పైనే ఉంది. పొయ్యి దగ్గర చాలాసేపు నిలబడి వచ్చేశాను. రేపు మళ్ళీ వెళ్తానేమో తెలీదు.

రావియా


అలెగ్జాండ్రియా,
మార్చి

రావియా,

మళ్ళీ వెళ్ళావో, నువ్వు నా మేనకోడలివే కాదు.

ఒక్క మొక్కని పొయ్యిలో పెట్టినా ముప్ఫై ఎనిమిది మందికీ ఒకే పాఠం వస్తుంది. బస్సు ఎక్కాలంటే అబద్ధమాడాలని. దాన్ని వాళ్ళు ఎప్పటికీ మర్చిపోరు. దానికన్నా గేటు దగ్గర నిలబడి చేతులూపడం వెయ్యిరెట్లు నయం. కరీమాకి నువ్వే వెళ్ళి చెప్పు బస్సు లేదని. ఏడుస్తుంది. నువ్వూ ఏడు. ఏడిస్తే ఎవరూ చావరు.

ఇక ప్రయోగం సంగతి. తప్పు నాది కూడా. చుట్టూ మనుషులుంటారని నేను లెక్కలో వేసుకోలేదు. మళ్ళీ మొదలుపెట్టండి. గది తాళమేసి తాళంచెవి నీ మెళ్ళో వేసుకో. నూబీకి ఇవ్వకు. మనుషుల నీడ కూడా పడకూడదు. ఈసారి ఏం చేసినా సరే, ఉత్త మట్టి మాత్రమే ఉన్న ఖాళీ కుండీ కూడా ఒకటి పక్కన పెట్టు. పోల్చి చూడ్డానికి ఏమీ లేకపోతే ఏదీ తేలదు.

అత్తయ్య


ఎస్నా,
మార్చి చివర

అత్తయ్యా,

మీ మాట సగం విన్నాను. ఏ సగమో చదివాక మీకే తెలుస్తుంది.

పండగ సెలవులయ్యాక క్లాసులో నిజం చెప్పేశాను. ప్రయోగం పోయింది, కొత్తది ఎంచుకోవాలి, టైము లేదు, బస్సు దక్కకపోవచ్చు అని. ఈసారి తేళ్ళూ లేవు, గాడిదలూ లేవు. తాళమేద్దామని మీ సలహా వినిపించాను.

"తాళమేస్తే పాపం వాటికి ఎవరు పోస్తారు?" అని నాలుగు గొంతులు ఒకేసారి లేచాయి. అంతలో కరీమా అంది, "టీచర్, మొక్క ఎన్నాళ్ళు ఓర్చుకుంటుందో మనకి తెలీలేదు. ఎందుకంటే మనమే ఓర్చుకోలేకపోయాం. మరి ఊళ్ళోవాళ్ళు ఎంతసేపు ఓర్చుకుంటారు?"

క్లాసంతా ఓట్లు పెట్టకుండానే ఒప్పుకుంది. హమ్దీ కూడా.

బజారు దారిలో చలివేంద్రం పక్కన ఒక కుండీ పెట్టాం. రోజూ అదే చోటు, అదే వేళ, అంతే వాడిపోయిన మొక్క. ఒక్కటే మార్చాం. బోర్డు. మొదట బోర్డే లేదు. తర్వాత "దయచేసి నీళ్ళు పోయకండి". ఆ తర్వాత "నీళ్ళు పోస్తే ఈ మొక్కకి జబ్బు చేస్తుంది". దాని తర్వాత "నీళ్ళు పోయరాదు, ప్రభుత్వ ఉత్తర్వు". ఆఖర్న మీ ఖాళీ కుండీ. ఒక్కోదానికీ మూడేసి రోజులు. పిల్లలు వంతులు వేసుకుని గోడ వెనకా, గాదల్లా నాన్న బండి కిందా దాక్కుని లెక్కపెట్టారు. ఒక్క పిల్లకి కూడా పని లేకుండా పోలేదు.

ఫలితం చెప్తే నవ్వుతారు. అన్నిటికన్నా ఎక్కువమంది నీళ్ళు పోసింది ప్రభుత్వ ఉత్తర్వుకి. ఒక ముసలాయన బోర్డుని పక్కాయనకి పైకి చదివి వినిపించి, "సర్కారే వద్దందా? అయితే దీనికి దిక్కూ మొక్కూ ఎవరూ లేరన్నమాట, పాపం" అని చలివేంద్రం చెంబు మొత్తం పోశాడు. కానిస్టేబుల్ ఒకడొచ్చి, చదివి, "ఇది మా స్టేషన్ పరిధి కాదు" అని పోశాడు. అన్నిటికన్నా తక్కువ "జబ్బు చేస్తుంది" బోర్డుకి. అప్పుడు కూడా ఒక ముసలమ్మ కొంచెం పోసి, జబ్బు తగ్గాలని దువా చదివి ఊది వెళ్ళింది. మీ ఖాళీ కుండీకి కూడా పోశారు. "లోపల గింజ ఉండే ఉంటుంది" అట. పోల్చి చూడ్డానికి ఉండాలన్నారుగా? ఉంది. మొక్క ఉండి బోర్డు లేని రోజులకన్నా పోసినవాళ్ళు సగమే. అంటే వాడిన ఆకు కంటికి కనిపిస్తే మావాళ్ళు రెట్టింపు పోస్తారని తేలింది.

ఖల్లాఫ్ గారికి చెప్తే మండిపడ్డారు. "ఇది సైన్సా? ఊరి మీద చాడీలు! పైగా ప్రభుత్వ ఉత్తర్వు అని నువ్వెవరమ్మా రాయడానికి?" కరీమా నా పక్కనే నిలబడి ఉంది. చాలా మర్యాదగా, "సార్, ఉత్తర్వు బోర్డు పెట్టిన రెండో రోజు మీరు కూడా వచ్చారు. చదివారు. అటూ ఇటూ చూసి బిస్మిల్లా అని పోశారు. తర్వాత బోర్డు వంకరగా ఉందని సరిచేసి వెళ్ళారు" అంది.

ఆయన కలం తీసి కాగితం ముందుకి లాక్కున్నారు. తర్వాత, "బస్సు పొద్దున ఎన్నింటికి కావాలి?" అన్నారు.

అందరం వెళ్తున్నాం అత్తయ్యా! అందరం! మీరు కూడా వస్తే ఎంత బావుండేదో.

రావియా


అలెగ్జాండ్రియా,
ఏప్రిల్

రావియా,

తాళం సగం వినలేదని అర్థమైంది. దీని మీద ఇప్పుడు నేనేమీ చెప్పను. ఎందుకని అడక్కు.

ఒక బోర్డుకి మూడు రోజులు చాలవు. ఇది మాత్రం చెప్తున్నాను. జడ్జీలు అడుగుతారు. ముఖ్యంగా ఈ సంవత్సరం జడ్జీలు కర్కోటకులని విన్నాను.

రావడం కుదరదు. మోకాళ్ళు.

అత్తయ్య


ఎస్నా,
ఏప్రిల్ చివర

శ్రీమతి ఇన్సాఫ్ గారికి, జిల్లా సైన్స్ ఫెయిర్ న్యాయనిర్ణేతల సంఘం అధ్యక్షురాలికి,

మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అలెగ్జాండ్రియా నుంచి కెనా దాకా రాత్రంతా రైల్లో కూర్చున్నాయిగా, పాపం.

బల్ల సర్దుతూ తలెత్తితే నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, మెళ్ళో అధ్యక్షురాలి చీటీ వేలాడేసుకుని మీరు! నేను "అత్త..." అన్నానో లేదో, "మీ పేరు?" అన్నారు. నా పేరు! నా పేరు పెట్టిందే మీరు!

మా పిల్లల సంగతి చెప్తాను. అంతసేపు అదే హాల్లో ఉన్నా మీరు చూడనిది చాలా ఉంది. బస్సులో సీటుకి నలుగురు కూర్చున్నారు. ఎండలో పొంగించిన రొట్టెలు, పచ్చి ఉల్లిపాయలు, చెరకు ముక్కలు అన్నీ ఎస్నా దాటకముందే అయిపోయాయి. కిటికీ సీటు కరీమాకే ఇచ్చారు. హమ్దీ లేచి ఇచ్చాడు. దారంతా ఆ పిల్ల అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంది.

మీరు మా బల్ల దగ్గరికొచ్చి, "మీ ప్రశ్న ఏమిటి? ఏం మార్చారు? ఏం మార్చలేదు? మూడు రోజులే ఎందుకు?" అని ఆ పిల్లని ఊపిరాడనివ్వకుండా అడిగినప్పుడు మీ మీద నాకు ఎంత కోపమొచ్చిందో తెలుసా? కరీమా మాత్రం, "మూడు రోజులు చాలవు మేడం. మాకు ఇంకెక్కువ రోజులు లేవు. కాబట్టి మేం చెప్పేది ఇంకొకళ్ళు మళ్ళీ చేసి చూడాలి" అంది. మీరు తలూపి వెళ్ళిపోయారు. కనీసం నవ్వనైనా నవ్వలేదు.

మాకు మూడో బహుమతి వచ్చింది. మొదటిది వేరే ఊరి అగ్నిపర్వతానికి. పొగకి ముఖ్య అతిథి బల్ల కింద దూరాడు కదా, ఇవ్వక తప్పలేదేమో. మా పిల్లలు మూడో బహుమతికే ఇక్కడ ఎస్నాలో చలివేంద్రం కుండలు పగిలేంతగా అరిచారు. ఖల్లాఫ్ గారు ఏడ్చారు. దుమ్ము పడిందన్నారు.

అసలు సంగతి తిరుగు బస్సులో బయటపడింది.

మా బల్ల మీద వాడిన మొక్క ఒకటి పెట్టాం, గుర్తుందా? "నీళ్ళు పోయరాదు, ప్రభుత్వ ఉత్తర్వు" బోర్డుతో సహా. అక్కడ కూడా లెక్కపెడదామని పిల్లలు వంతులవారీగా బల్ల గుడ్డ కింద దూరి కూర్చున్నారు. అందరూ భోజనాలకి వెళ్ళినప్పుడు వంతు కరీమాది. బస్సు కదిలాక లేచి నిలబడి అందరూ వినేలా చెప్పింది:

"హాలంతా ఖాళీగా ఉంది. ఒకావిడ తిరిగొచ్చింది. పెద్ద జడ్జి మేడమే! బోర్డు చదివింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. 'బావుంది, చక్కగా చేశారు' అని తనలో తనే అనుకుంది. తలుపు వైపు చూసింది. కిటికీ వైపు చూసింది. సంచీలోంచి సీసా తీసింది. 'అబ్బా, నా మోకాళ్ళు' అంటూ వంగి కొంచెం పోసింది. 'తాగమ్మా, తాగు, ఎవరూ చూడ్డం లేదు' అంది."

బస్సు బస్సంతా పడీ పడీ నవ్వింది. మాతో వచ్చిన నూబీ బాబాయి మాత్రం నవ్వలేదు. "చదువుకున్నావిడైనా మంచిదే" అన్నాడు.

ఇప్పుడు చెప్పండి. "ఒక్కటే మార్చు, మిగతావన్నీ ఒకేలా ఉంచు" అని నుదుటి మీద రాసుకోమన్నది ఎవరు? తాళంచెవి మెళ్ళో వేసుకోమన్నది ఎవరు?

మీరు పేరడిగిన మేనకోడలు,
రావియా


అలెగ్జాండ్రియా,
మే

రావియా,

నేను జడ్జిగా వస్తున్నానని ముందే చెప్పుంటే నువ్వు నిద్రపోయేదానివి కాదు, పిల్లలకి జవాబులు బట్టీ పట్టించేదానివి. అందుకే చెప్పలేదు. మీ బల్లకి నేను మార్కులు వెయ్యలేదు. మిగతా ఇద్దరు జడ్జీలకి వదిలేశాను. నేను వేసుంటే మొదటి బహుమతి ఇచ్చేసేదాన్ని, అప్పుడు ఇన్సాఫ్, అంటే న్యాయం, అన్న నా పేరుకి అర్థం లేకుండా పోయేది. అగ్నిపర్వతానికి వద్దని మొత్తుకున్నాను, వాళ్ళు వినలేదు.

ఆ పిల్ల "ఇంకొకళ్ళు మళ్ళీ చేసి చూడాలి" అన్నప్పుడు నేనెందుకు నవ్వలేదో చెప్తాను. నవ్వితే ఏడ్చేదాన్ని. నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను, ఆ ఒక్క మాట ఏ పిల్ల నోటా వినలేదు. నిన్ను చూస్తే నాకు చాలా గర్వంగా ఉందే. ఇది నేను మళ్ళీ రాయను, ఈ ఉత్తరం దాచుకో.

ఇక మీ పరిశీలనలో ఒక పెద్ద తప్పుంది. సరిదిద్దకుండా వదిలేస్తే నాకు నిద్ర పట్టదు. "కొంచెం" అన్నది కొలత కాదు.

సగం సీసా. కరీమాని అలా రాసుకోమను.

అత్తయ్య